గోల్ సినిమాకి కొత్త కాపీ

పాత సినిమా ఏదైనా మళ్ళీ తీస్తున్నారన్న వార్త వస్తే చాలు, మా ఇంట్లో పిల్లలు రెండు పార్టీలుగా చీలిపోతారు. ఒక పార్టీ వాళ్ళు ముట్టుకోవద్దంటారు, బంగారంలాంటి సినిమాని పాడుచేస్తారంటారు. రెండో పార్టీ వాళ్ళు, ఆ పాతది ఇప్పుడెవరు చూస్తారు, అందులో మనుషులు కూడా సరిగ్గా కనపడరు అంటారు. ఫోన్లలో ముక్కూ ముఖం తెలియని వాళ్ళతో కాసేపు పోట్లాడి, అలసిపోయి, చివరికి నా దగ్గరికొస్తారు. కువైట్లో వీడియో షాపులో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నా తీర్పు చెల్లుతుందని వాళ్ళ నమ్మకం. పాలు పోసేవాణ్ణి పట్టుకుని గేదె జబ్బుకి మందు అడిగినట్టే ఉంటుంది గానీ, అడిగారు కదా అని నేనూ గొంతు సవరించుకుంటాను.

మీక్కూడా ఆ తగాదా ఉంటే కూర్చోండి. ఒక శుక్రవారం సంగతి చెబుతాను, తీర్పు మీరే చెప్పుకోండి.

మాది కడప జిల్లా. ఇరాక్ యుద్ధం అయిపోయి, జనం మళ్ళీ రావడం మొదలుపెట్టిన రోజుల్లో నేను కువైట్ వెళ్ళాను. అబూ హలీఫాలో ఒక పచారీ కొట్టుకీ ఒక ఇస్త్రీ షాపుకీ మధ్య ఇరుక్కుని మా వీడియో షాపు ఉండేది. యజమాని మలయాళీ. వాళ్ళ భాషలో యజమానిని ముదలాళి అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. మూడు గోడల నిండా మలయాళం, హిందీ, తమిళం క్యాసెట్లు. వెనక, బాత్రూం తలుపు పక్కనున్న గోడ తెలుగుది. ఆ గోడకి నేను అధికారిని. ముదలాళికి తెలుగు రాదు, తెలుగు సినిమా మీద పెద్ద గౌరవమూ లేదు. కానీ ఒక క్యాసెట్ తీసుకెళితే మనవాళ్ళు గదినిండా కూర్చుని చూస్తారనీ, చూసినవాళ్ళంతా మర్నాడు ఇంకోటి అడుగుతారనీ ఆయనకి తెలుసు.

పని చెప్పుకోదగ్గదేమీ కాదు. ఊరినుంచి వచ్చే ఎవరో ఒకరి సూట్‌కేసులో పచ్చళ్ళ మధ్య ఒక మంచి క్యాసెట్ వచ్చేది. దాన్ని మాస్టర్ అనేవాళ్ళం. అది బీరువాలో దాచి, దాన్నుంచి కాపీలు తీసి అద్దెకిచ్చేవాళ్ళం. ఇదంతా ఏ మాత్రం న్యాయం అని అడక్కండి, ఆ రోజుల్లో అడిగినవాళ్ళు లేరు. కాపీ మనవాళ్ళుండే లేబర్ క్యాంపులు నాలుగు తిరిగొచ్చేసరికి బొమ్మ మీద వాన పడేది, హీరో ముఖం వణికేది. అప్పుడు మాస్టర్ నుంచి మళ్ళీ ఒకటి తీసేవాళ్ళం. దాని పేరు కొత్త కాపీ. "అన్నా, కొత్త కాపీ ఉందా" అని ఎవరైనా అడిగితే, పాత సినిమానే, ముక్కు మొహం కనపడేది ఇవ్వమని అర్థం. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత కొంప ముంచింది ఇదే.

ఇళ్ళకీ క్యాంపులకీ క్యాసెట్లు చేరవేయడానికి మా షాపుకో వ్యాన్ ఉండేది. దాన్ని నడిపేవాడు జగిత్యాల వైపు అబ్బాయి. నాకన్నా చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. మనిషి మంచివాడు, చెయ్యి మాత్రం తొందర. ఒక శుక్రవారం గిరాకీ హడావుడిలో కాపీ అనుకుని, అప్పుడే ఊరినుంచి వచ్చి ఇంకా ఒక్క కాపీ కూడా తీయని మాస్టర్ క్యాసెట్టే తీసుకెళ్ళి జాబ్రియాలో ఒక విల్లాలో ఇచ్చేశాడు.

ఆ సినిమా పేరు చెప్పను. అక్కాచెల్లెళ్ళ కథ. తల్లి లేని చెల్లెల్ని అక్క పెంచి పెద్దచేస్తుంది. చెల్లెలు ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది. ఏళ్ళు గడుస్తాయి. చివర్లో చెల్లెలు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడుతుంది. లోపల అక్క అన్నం వారుస్తూ తలెత్తి చూస్తుంది. సరిగ్గా అక్కడ, జాబ్రియాలోని ఆ ఇంటి పిల్లవాడు టీవీలో ఫుట్‌బాల్ వస్తోందని వీసీఆర్ మీద రికార్డు చేసే ఎర్ర బటన్ నొక్కాడు. అక్క తలెత్తగానే పచ్చటి గ్రౌండు వస్తుంది. ఎవడో అరబ్బీలో రొప్పుతూ ఏదేదో చెప్పి, ఊపిరి బిగబట్టి, గోల్ అని బజారంత పొడుగున అరుస్తాడు. ఆ అరుపు అయ్యేసరికి అక్కాచెల్లెళ్ళు ఒకే కంచంలో అన్నం తింటుంటారు. శుభం.

సంగతి మాకు తెలిసేసరికి దాన్నుంచి కాపీలు కూడా తీసేశాం. అన్నిటిలోనూ గోల్ ఉంది. సెలవు మీద ఊరెళ్ళే ప్రతివాణ్ణీ బతిమాలాను, ఇంకో మాస్టర్ ఎక్కడా దొరకలేదు. గిరాకీ పడిపోతుందని భయపడ్డాను గానీ అదేం చిత్రమో పెరిగింది. "గోల్ సినిమా ఉందా" అని అడిగేవాళ్ళు. కొందరు ఆ పొల్లుని మింగేసి గోల సినిమా అనేవాళ్ళు. మా షాపులో గోలకి కొదవలేదు కాబట్టి అదీ సరిపోయింది.

గోల్ పడుతున్నంతసేపూ అక్క ఏమని ఉంటుందన్నదే అందరి తగువు. చిన్నప్పుడు హాల్లో చూశామన్నవాళ్ళు ఒకరిద్దరున్నారు. ఒకరు అక్క పాట పాడుతుందన్నారు, ఇంకొకరు ఏడుస్తుందన్నారు, నొక్కి అడిగితే ఇద్దరూ బుర్ర గోక్కున్నారు. చివరికి తీర్పిచ్చింది జాబ్రియా అక్క. ఆ ఫుట్‌బాల్ ఇంట్లోనే ఆవిడ వంటమనిషి, ఆ క్యాసెట్ తెప్పించుకున్నదీ ఆవిడే. గోదావరి జిల్లా మనిషి, శుక్రవారం తప్పకుండా చర్చికి ప్రార్థనకి వెళ్ళేది, మా అందరికన్నా పెద్దది. క్యాసెట్ పాడైంది వాళ్ళింట్లోనే కాబట్టి, పాడవకముందు చూసిన మనిషి కువైట్ మొత్తం మీద ఆవిడేనని మాకు అనిపించింది. అడిగాం.

"అనడానికేముందయ్యా," అంది ఆవిడ, మా షాపు కౌంటర్ మీద చెయ్యి ఆనించి. "చెల్లెల్ని కిందనుంచి పైదాకా చూసింది. కాళ్ళు కడుక్కో, అన్నం చల్లారిపోతుంది, అంది. అంతే."

"ఇంకేం అనలేదా అక్కా? అన్నేండ్లయినాక వచ్చినాది కదా," అన్నాను.

"ఇంకేమంటుందయ్యా. ఆకలితో వచ్చిన మనిషిని."

ఆ ముక్క వినగానే షాపులో ఉన్న ఆడపిల్లలు ఇద్దరు ముక్కులు ఎగబీల్చారు. అంతటితో ఆగలేదు. ఆ మాట జాబ్రియా విల్లాల వంటిళ్ళలో, చర్చి మెట్ల దగ్గర, క్యాంపుల్లో మంచాల మీద తిరిగి తిరిగి మాలో మాకో అలవాటైపోయింది. ఇద్దరు గొడవపడి మాటలు మానేస్తే, మూడోవాడు మధ్యకొచ్చి "కాళ్ళు కడుక్కో, అన్నం చల్లారిపోతుంది" అనేవాడు. పెద్ద తగువులు కూడా ఆ మాటతో తేలిపోయాయి. రాజీకి ఇంత తక్కువ మాటలు ఏ పెద్దమనిషీ వాడగా నేను చూడలేదు.

తేలనిది ఒక్కటే. మా వ్యాన్ తమ్ముడికి స్వయానా అన్న ఉన్నాడు, వఫ్రా తోటల్లో గ్రీన్‌హౌస్ పని. ఊళ్ళో వాళ్ళమ్మ పోయినప్పుడు ఫోన్ తమ్ముడికొచ్చింది. అప్పుడు అన్న పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, ఇఖామా అనే నివాస పర్మిట్ రెన్యువల్‌లో ఉంది, కదలడానికి లేదు. తెలిస్తే ఏం చేసుకుంటాడోనని తమ్ముడు దాచాడు. ఊళ్ళో కర్మకాండలన్నీ అయ్యాక మెల్లగా చెప్పాడు. కర్మకి కూర్చోవాల్సిన పెద్దకొడుకు, అమ్మ లేదన్న సంగతి తెలియక ఆ రోజులన్నీ టమాటాలు కోస్తూ, జోకులేస్తూ గడిపాడు.

"పోరాకుంటె పోరాకపాయె," అని నాతో అన్నాడొకసారి వఫ్రా అన్న. "ఏడ్సన్న ఏడుద్దును గద? నన్ను ఏడ్వకుంట గూడ జేసిండు."

అప్పట్నుంచి మాటల్లేవు. వఫ్రా అన్నకి గోల్ సినిమా అంటే ప్రాణం, నెల తిరిగేసరికి మళ్ళీ కావాలని కబురు చేసేవాడు. వఫ్రాకి బస్సులు దాదాపు లేవు, క్యాసెట్ వెళ్ళాల్సింది తమ్ముడి వ్యాన్‌లోనే. తమ్ముడు తోట గేటు దగ్గర ఆగేవాడు. అన్న రాడు. గొర్రెలు కాసే మనిషొకడు వచ్చి క్యాసెట్ పట్టుకెళ్ళి అన్నకిచ్చేవాడు. అన్న ఎక్కడో గ్రీన్‌హౌస్ చాటునుంచి వ్యాన్ వెళ్ళేదాకా చూసేవాడని ఆ గొర్రెలాయనే చెప్పాడు. అక్కాచెల్లెళ్ళు కలిసిపోయే సినిమాని అన్నదమ్ములు ఇలా మూడో చేతిమీదుగా ఇచ్చిపుచ్చుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇద్దరినీ చెరో చెంప వాయించాలనిపించేది.

రోజులు మారాయి. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, మేడల మీద డిష్‌లు మొలిచాయి. తెలుగు గోడ తీసేసి అక్కడ మొబైల్ కార్డులు పెడతానన్నాడు ముదలాళి. వ్యాన్ ఖలాస్ అన్నాడు. తమ్ముడు ఇంకో కఫీల్‌ని వెతుక్కోవడానికి ఓపికలేక, వీసా క్యాన్సిల్ చేయించుకుని ఊరికి పోతానన్నాడు. టికెట్ కూడా కొన్నాడు. అన్నతో ఒక్క మాటైనా లేకుండా పోవాల్సి వస్తుందని అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

ఆ సమయంలోనే తెలిసింది, మా గోల్ సినిమాని ఊళ్ళో మళ్ళీ తీశారని. కొత్త నటులు, రంగులు, అదే పేరు, అదే కథ. ముదలాళికి తెలిసినవాళ్ళెవరో ఒక శుక్రవారం మధ్యాహ్నం హాలు మాట్లాడి ఒకే ఒక్క ఆట వేస్తున్నారు, తెలుగువాళ్ళని పోగుచేసే పని మా షాపుది. హాలు నిండితే తెలుగు గోడ ఇంకొంతకాలం ఉంటుందని ముదలాళి నాకు ఆశపెట్టాడు. తమ్ముడు ఆఖరిసారిగా వ్యాన్ తీసుకుని అబూ హలీఫా నుంచి జాబ్రియా దాకా, అట్నుంచి వఫ్రా దాకా తిరిగి చాటింపేశాడు. గోల్ సినిమా కొత్తది వచ్చింది, ఇదే అతను చెప్పింది. రెండు నోళ్ళు మారేసరికి అది "కొత్త కాపీ వచ్చింది" అయింది. వఫ్రా చేరేసరికి "కొత్త కాపీ వచ్చింది, గోల్ లేదట" అయింది.

నాకు ఆ సంగతి ఆట రోజు దాకా తెలియదు. నాకు తెలిసింది తమ్ముడి ఎత్తు ఒక్కటే.

"అన్నా, మా అన్నకు నడుమ సీటియ్యి," అన్నాడు. "నాకు గాయన ఎనుకనే ఇయ్యి. అక్క గా మాట అనంగనే నేను లేసి మా అన్న ముంగట నిలవడ్త. గప్పుడు గూడ మాట్లాడకుంటె ఇగ నా కర్మ."

"కొత్త సినిమాలో ఏముంటాదో ఎవురికి తెలుసబ్బా," అన్నాను.

"గా మాట లేకుంట గా సినిమ ఎట్ల తీస్తరే?" అని నావైపు జాలిగా చూశాడు.

నిజమే అనిపించింది. ఇల్లు మార్చొచ్చు, చీరలు మార్చొచ్చు, ఆ మాట ఎలా తీస్తారు? తల ఊపి, సీట్లు రాసిపెట్టాను.

శుక్రవారం వచ్చింది. హాల్లో ఒక పక్క కుటుంబాలూ ఆడవాళ్ళూ, ఇంకో పక్క ఒంటరి మగవాళ్ళు. వఫ్రావాళ్ళు కూరగాయలు తోలే వానెట్ బండి వెనక నిలబడి వచ్చారు, దిగేసరికి అందరి మీదా కొత్తిమీర వాసన. వఫ్రా అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు. జాబ్రియా అక్క మామాకి, అంటే వాళ్ళింటి యజమానురాలికి, మధ్యాహ్నం వంట ముగించి, తనవాళ్ళ కోసం విడిగా ఓ గుండిగెడు అన్నం, చేపల పులుసు వండి టాక్సీలో తెచ్చింది. ఆట అయ్యాక అందరం తిందామని గుండిగెని హాలు బయట వరండాలో పెట్టి, కాపలా ఉన్న ఈజిప్టు ముసలాయనకి సైగలతో అప్పజెప్పింది. హాలు నిండింది. ముదలాళి నా భుజం తట్టాడు.

తెర మీద పేర్లు పడ్డాయి. తర్వాత పెద్ద పట్నం, ఎత్తయిన అపార్ట్‌మెంట్, జీన్స్ వేసుకున్న చెల్లెలు. మగవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"ఓ అన్నా, వేరే సినిమ పెట్టిన్రు. మార్చున్రి."

"ఇదే సినిమాబ్బా, కూచోండి," అన్నాను.

"కొత్త కాపీ అన్నరు గదనే? గీళ్ళెవలు?"

అప్పుడు వెలిగింది నాకు. వీళ్ళంతా కొత్త సినిమా చూడటానికి రాలేదు. తమ పాత సినిమాలో గోల్ తీసేసి, ఆ గోల్ కింద ఇన్నేళ్ళూ పూడిపోయిన సీను చూపిస్తారని వచ్చారు. ఇంటర్వెల్లో నా చుట్టూ మూగారు. టికెట్ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. "మా శుక్రవారం మాకిచ్చెయ్యి" అన్నాడొకడు. రెండు నెలలకోసారి సెలవు దొరికే మనిషి ఆ మాట అంటే నవ్వడానికి లేదు. తమ్ముడు మాత్రం నా చెవిలో, "కానియ్యి అన్నా, ఆకర్ల గా మాట పడితె అందరు సల్లవడ్తరు," అన్నాడు.

న్యాయంగా చెప్పుకోవాలంటే సినిమా మరీ అంత చెడ్డదేం కాదు. పాటలు బాగున్నాయి, అక్క వేషం కట్టిన అమ్మాయి ఒళ్ళు దాచుకోకుండా చేసింది. ఆడవాళ్ళ వైపు చిన్నపిల్లలు చాలామందికి నచ్చింది కూడా. అయినా హాల్లో సగంమంది పాత సినిమానే చూస్తున్నారు. ప్రతి సీనుకీ "గీడ ఆవు ఉండాలె", "ఇక్కడ ఆవిడ బావి దగ్గర కదా" అంటూ తెరకి తప్పులు దిద్దుతున్నారు.

ఆఖరి సీను వచ్చింది. చెల్లెలు అపార్ట్‌మెంట్ తలుపు దగ్గర నిలబడింది. లోపల అక్క కరెంటు కుక్కర్ మూత తీస్తూ తలెత్తింది. హాలంతా ముందుకి వంగింది. ఆడవాళ్ళ వైపు ఎవరో ఆ మాట ముందే గొణుగుతున్నారు. వెనక వరుసలో తమ్ముడు చేతులు కుర్చీకానించి సగం లేచాడు.

అక్క నోరు తెరిచింది. తెరిచి, మూయలేదు. నిన్ను పెంచినందుకు నాకు దక్కిందేమిటంది, నువ్వు పోయిన రోజే నాకు చెల్లెలు లేదంది, ఇంకా చాలా అంది. కింద వాయిద్యాలన్నీ ఒకేసారి మోగాయి. చెల్లెల్ని ఒక్క లెంపకాయ కొట్టి, తలుపు ధడాలున వేసేసింది. బయట వాన.

హాల్లోంచి ఒక మూలుగు వచ్చింది. "కాళ్ళు కడుక్కోమను తల్లీ," అని ఆడవాళ్ళ వైపునుంచి ఒకావిడ తెరని బతిమాలింది. కొందరు నవ్వారు. వఫ్రా అన్న నవ్వలేదు. లేచి, ముందువాళ్ళ మోకాళ్ళు తొక్కుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. తమ్ముడు ఆ సగం లేచిన భంగిమలోనే ఉండిపోయి, పక్క తలుపు దగ్గరున్న నావైపు చూశాడు. ఎత్తు పారలేదు, టికెట్ వచ్చే వారానికి. ఏం చెయ్యమంటావని ఆ చూపు. వెళ్ళమని చెయ్యి ఊపాను, వాడి వెనకే నేనూ నడిచాను.

వరండాలో జాబ్రియా అక్క వడ్డనకి ముందుగానే వచ్చి కూర్చుని గుండిగెకి కట్టిన గుడ్డ విప్పుతోంది. వఫ్రా అన్న ఆవిడ ముందు నిలబడి వాదిస్తున్నాడు, వీపు మావైపు ఉంది.

"గిదేం సినిమ అక్కా? సాదిన పిల్ల ఇంటికొస్తె తలుపేస్తదా? గుమ్మంల నిలవెట్టి లెక్చర్ ఇస్తదా?"

"అవునయ్యా."

"ఎన్నేండ్లకో వచ్చింది. తప్పు జేసిందో, ఒప్పు జేసిందో. వచ్చిందా లేదా? లోపలికి పిలువద్దా?"

"పిలవాలయ్యా," అంది జాబ్రియా అక్క. అని, అతని భుజం మీదుగా వెనక్కి చూసింది.

అతనూ తిరిగి చూశాడు. తలుపు దగ్గర తమ్ముడు. వాదన ఇంకా సగం నోట్లోనే ఉంది. నోరు మూయలేక, మాట మింగలేక అలాగే నిలబడ్డాడు. ఇంతసేపూ తను తిట్టింది ఎవరినో అతనికి అప్పుడు తెలిసినట్టుంది. తమ్ముడి ముఖం చూడలేదు, కాళ్ళవైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"బూట్లిప్పు," అన్నాడు. "కాళ్ళు కడుక్కోని రా. బువ్వ సల్లారుతాంది."

నాకు కళ్ళు మసకేశాయి, సిగ్గుపడకుండా చెబుతున్నాను. తమ్ముడు ఆ మాటని అక్షరాలా పట్టుకున్నాడు. హాలు వరండాలో కాళ్ళెక్కడ కడుక్కుంటారు? బూట్లు విప్పి చేత్తో పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తి, చేతులు కడిగే తొట్టిలో కాలెత్తి పెట్టాడు. ఈజిప్టు ముసలాయన వద్దు వద్దని "లా, లా" అంటూ వచ్చి, చెవి పట్టుకున్నంత పనిచేసి, నమాజుకి కాళ్ళు కడుక్కునే కుళాయి దగ్గరికి "యల్లా యల్లా" అంటూ తోలుకెళ్ళాడు. తడి కాళ్ళతో తిరిగొచ్చేసరికి అన్న గుండిగె పక్కన గచ్చు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఒకటే ప్లేటు.

కొంత తిన్నాక అన్న అడిగాడు, తలెత్తకుండా. "అమ్మ ఆకర్ల ఏమన్నదిరా?"

"నాకు తెల్వదే," అన్నాడు తమ్ముడు. "నేను గూడ ఫోన్లనే ఇన్న. పోయిందన్నరు, అంతే."

ఇద్దరి చేతులూ ప్లేట్లో ఆగిపోయాయి. జాబ్రియా అక్క ఇంకో గరిటెడు అన్నం వాళ్ళ మధ్య వేసి, పులుసు పోసింది. "ఏమంటుందయ్యా తల్లి. పిల్లలు తిన్నారా అని అడిగుంటుంది. తినండి."

తిన్నారు. లోపల ఆ సినిమాలో కూడా చివరికి తలుపు తెరుచుకుందనీ, అక్కాచెల్లెళ్ళు కలిసి అన్నం తిన్నారనీ తర్వాత జనం బయటికొచ్చి చెబితే మాకు తెలిసింది. అప్పటికి మాకెవరికీ దాంతో పనిలేదు.

మరుసటి వారం ఎయిర్‌పోర్టుకి వఫ్రా అన్న కూడా వచ్చాడు, వానెట్‌లో ఒక టమాటాల పెట్టెతో. విమానంలోకి ఎక్కనివ్వరంటే వినలేదు. ఆ టమాటాలు నెల పొడుగునా నేనే తిన్నాను. హాలు నిండినా ముదలాళి మాట నిలబెట్టుకోలేదు, తెలుగు గోడ మీదికి మొబైల్ కార్డులొచ్చాయి. నేను అదే షాపులో రీఛార్జులు చేసుకుంటూ మిగతా ఏళ్ళు గడిపి ఊరొచ్చేశాను. కువైట్లో మా వాళ్ళంతా ఏకగ్రీవంగా తేల్చిన సంగతి మాత్రం ఒకటే: కొత్తవాళ్ళకి సినిమా తీయడం రాదు, మహా గొప్ప పాత సినిమాని నాశనం చేశారు. నేనూ చాలా ఏళ్ళు అదే పార్టీ.

ఈమధ్య మా పిల్లలు, నీ గోల్ సినిమా దొరికింది రమ్మని పిలిచారు. పాతదే, శుభ్రం చేసి ఎవరో నెట్‌లో పెట్టారట. గోల్ లేదు. టీవీకి కలిపి నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. ఆవు వచ్చింది, బావి వచ్చింది, గుండె నిండిపోయింది. చెల్లెలు గుమ్మంలో నిలబడింది. అక్క అన్నం వారుస్తూ తలెత్తింది. నేను పెదాలు కదుపుతూ సిద్ధంగా ఉన్నాను.

అక్క నోరు తెరిచింది. నిన్ను పెంచినందుకు నాకు దక్కిందేమిటంది. నువ్వు పోయిన రోజే నాకు చెల్లెలు లేదంది. లెంపకాయ కొట్టింది, తలుపు వేసింది, బయట వాన. కొత్తవాళ్ళు పాపం ఒక్క ముక్క మార్చలేదు. వాన చినుకులతో సహా మక్కికి మక్కి దింపారు. మేం తిట్టిన తిట్లన్నీ అమాయకుల నెత్తిన పడ్డాయి.

జాబ్రియా అక్క ఇప్పుడు గోదావరి అవతల వాళ్ళ ఊళ్ళో ఉంటోంది. అప్పటికప్పుడే ఫోన్ చేశాను.

"అక్కా, గోల్ సినిమా చూసినా. నువ్వు చెప్పిన మాట అందులో యాడా లేదే?"

అటునుంచి నవ్వు వినపడింది.

"ఎలా ఉంటుందయ్యా, నేను చూస్తేగా. క్యాసెట్ తెప్పించి పెట్టానే గానీ, మామా టీవీ గదిలో కూర్చుని సినిమా చూసే తీరిక నాకెక్కడ ఏడిసింది? మీరంతా అలా మొహాలు పెట్టుకుని అడిగితే తెలీదనడానికి నోరు రాలేదు."

"మరి ఆ మాట యాడ పట్టినావు?"

"పట్టడానికేముంది. నేనూ ఇంట్లో చెప్పకుండానే కదా కువైట్ వచ్చేసింది. ఎప్పటికైనా ఇంటికెళితే మా అక్క ఏమంటే బాగుండునో, అది చెప్పాను."

ఇన్నేళ్ళ తర్వాత అడగొచ్చో లేదో తెలియలేదు. అడిగేశాను.

"పొయినప్పుడు అట్లే అనిందా అక్కా, మీ అక్క?"

"లేదయ్యా," అంది. "ఎందుకొచ్చావంది. అని, కంచం పెట్టింది."